రోలర్ వెనక కెమెరా

కొత్త రోడ్డు రోలర్‌ను లారీ మీద నుంచి దించుతుంటే కూలీలంతా దాని ఏసీ క్యాబిన్‌నూ, చప్పుడు లేని ఇంజన్‌నూ చూసి ముచ్చటపడ్డారు. డ్రైవర్ వీరయ్య మాత్రం వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. అక్కడ చిన్న నల్లటి కెమెరా ఉంది.

"ఇదేందమ్మా, మమ్మల్ని కాపలా కాస్తదా?"

"కాదు వీరయ్యగారూ. రోలర్ వెనక్కి వచ్చేటప్పుడు మనిషి అడ్డం ఉంటే ఇది చూసి బండిని ఆపేస్తుంది," అంది రోలర్ కంపెనీ ఇంజనీరు నాగజ్యోతి.

వీరయ్య నమ్మలేదు. చిలకలగూడలో పుట్టి, ఇరవై ఏళ్లు నిండకముందే రోడ్డు పనిలో నీళ్లు చల్లడానికి చేరిన మనిషి. ఆ రోజుల్లోనే బన్సీలాల్‌పేట్‌లో అతని జోడీ తిరుమల్ పాదం మీదికి రోలర్ ఎక్కింది. ఇంజన్ హోరులో డ్రైవర్‌కు కేక వినపడలేదు. ఎవరో ఫోన్‌లో తీసిన ఫోటో చూపించి, అడ్డం నిలబడ్డది నువ్వేనంటూ అప్పటి కాంట్రాక్టర్ తిరుమల్‌నే పనిలోంచి తీసేశాడు. అప్పట్నుంచి పని దగ్గర ఎవరు ఫోన్ పైకెత్తినా వీరయ్య ముఖం తిప్పుకునేవాడు.

సైనిక్‌పురిలో తారు వేసే రోజు పొద్దున్నే కెమెరాకు తువ్వాలు చుట్టేశాడు. రోలర్ ముందుకు బాగానే నడిచింది. వెనక్కి తిప్పేసరికి, కెమెరాకు ఏమీ కనపడక మొండికేసింది. వేసిన తారు చల్లారిపోతోందని అందరూ కేకలు. నాగజ్యోతి వచ్చి తువ్వాలు విప్పి అతని చేతిలో పెట్టింది. తిట్టకపోవడంతో వీరయ్య అనుమానం ఇంకా పెరిగింది. ఆఫీసులో చెప్పడానికే దాచుకుందా?

అన్నాలయ్యాక నేరుగా ఆమె దగ్గరికే వెళ్లాడు.

"మేడం, గంత నమ్మకముంటే మీరే ఎనక నిలవడున్రి."

ఆమె వెళ్లి నిలబడింది. ముఖం పాలిపోయింది గానీ కదల్లేదు. వీరయ్య సీట్లో కూర్చుని గేరు మీద చెయ్యేశాడు. అద్దంలో ఆమెను చూశాడు. ఇంజన్ ఆపేసి దిగిపోయాడు.

"నాతోని కాదమ్మా. జెర పక్కకు జరుగున్రి."

ఇసుక బస్తాకు పని కోటు తొడిగి అక్కడ నిలబెట్టారు. ఈసారి వీరయ్య వెనక్కి వదిలాడు. బస్తాకు బారెడు దూరంలో రోలర్ ఆగింది. అతనికి చాల్లేదు. బస్తాను పక్కకు జరిపించి చూశాడు, పడుకోబెట్టించి చూశాడు. ప్రతిసారీ ఆగింది.

"మంచిదే. మరి కెమెరా తీసిన బొమ్మ యాడికి పోతది?"

"వారం రోజులు కాంట్రాక్టర్ ఆఫీసులో ఉంటుంది," అంది నాగజ్యోతి.

"గదీ! నేననుకున్నదే."

"నేను ముందే చెప్పాల్సింది. ఆయనే చెప్పొద్దన్నారు."

"ఏమన్నయితే ఆ బొమ్మ మాకు సుత చూపియ్యాలె. గట్లయితెనే నడుపుత."

ఆమె సాయంత్రం కాంట్రాక్టర్‌తో మాట్లాడింది. చేతిలో పని సగంలో ఉంది, ఇంకో డ్రైవర్ దొరకడు. గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు మీదా వీరయ్యకు గురి కుదరలేదు. మర్నాడు పొద్దున కూలీలందర్నీ పిలిచి, వాళ్ల ఎదుట కాంట్రాక్టర్ చేత ఆ మాట మళ్లీ చెప్పించాడు. ఆ తర్వాతే రోలర్ ఎక్కాడు.