ఒక తీగను రెండు చేసే పెట్టె

బందరులో మా ఇంటి వెనక గదిలో నాకో చిన్న స్టూడియో ఉంది. గోడలకు పాత బొంతలు, ఒక మైకు, ఒక కీబోర్డు, దాని పక్కన రెండు పెట్టెలు. ఒక పెట్టె హార్మోనియంలా, వయొలిన్‌లా పలుకుతుంది. రెండోది డోలక్ మోగిస్తుంది. కీబోర్డు మీద మీట నొక్కితే ఆ కబురు మిడి అనే తీగలో వెళ్ళి పెట్టెను పలికిస్తుంది. కీబోర్డుకేమో ఆ తీగ పెట్టుకునే రంధ్రం ఒక్కటే, నాకేమో పెట్టెలు రెండు. నాలుగు నెలలు నా బుర్ర తిన్న గొడవంతా ఇదే.

"విడివిడిగా రికార్డు చేసి కలుపుకోవచ్చుగా" అని అందరూ అన్నారు. చెప్పడం తేలికే. నేను రికార్డు చెయ్యాల్సింది కోడూరు అత్తయ్య పాట. అత్తయ్య నాకు చుట్టం కాదు. కోడూరులో నేను పదేళ్ళు కీబోర్డు వాయించిన చర్చిలో పాట ఎత్తే పెద్దావిడ. ఆవిడ పాడితే తాళం ఆవిడ వెంట నడవాలి గాని, ఆవిడ తాళం వెంట నడవదు. ఏ మాట దగ్గర మనసు ఆగితే అక్కడ ఆగిపోతుంది, వాయించేవాడు చచ్చినట్టు ఆగాలి. అందుకని డోలక్, హార్మోనియం రెండూ నా చేతుల కిందే ఒకేసారి మోగాలి. కంప్యూటర్ గుండా పంపి చూశాను. నొక్కాక కాస్త ఆగి మోగుతోంది. ఆవిడ వెనక్కి తిరిగి, "ఏంటి అబ్బాయ్, నిద్రొస్తోందా?" అంది.

ఆ పాట ఆవిడే కట్టింది. ఒక తుఫానప్పుడు చర్చిలో తలదాచుకున్న పిల్లలు ఏడుస్తుంటే వాళ్ళకోసం పాడింది. మొదటి చరణం తప్ప మిగతాది ఇంకెవరికీ రాదు. అదీగాక ఆవిడ పళ్ళు కదిలిపోతున్నాయి. అన్నీ తీసెయ్యాలని అవనిగడ్డ డాక్టరు చెప్పాడు. "పాట అయ్యాకే తీయించుకుంటాను. పళ్ళు లేకపోతే మాట పలకదు కదా" అని దూదిలో లవంగ నూనె పెట్టుకుని తిరుగుతోంది.

"తీగను రెండు చేసే బాక్సు వచ్చే వారం వచ్చేస్తుంది అత్తయ్యా" అన్నాను. ఆ మాట ఎన్ని వారాలన్నానో లెక్కలేదు.

ముందు బందరులో కరెంటు సామాన్ల కొట్టుకెళ్ళాను. ఒక తీగని రెండు చేసే పెట్టె కావాలంటే, "స్ప్లిట్టరే కదండీ" అని ఇయర్‌ఫోన్లకు పెట్టే ముక్క చేతిలో పెట్టాడు. కాదు మహాప్రభో అంటే నన్నే జాలిగా చూశాడు. తర్వాత ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఫోటోలో మూడు రంధ్రాలు కనబడగానే ఎగిరి గంతేసి ఆర్డరు పెట్టేశాను. వచ్చింది చూస్తే అది రెండింటిని ఒకటి చేసే పెట్టె. సరిగ్గా నాక్కావాల్సిందానికి తలకిందులు! వెనక్కి పంపి ఇంకోటి తెప్పించాను. దానికి వేరే కరెంటు అక్కర్లేదట, తీగలోంచే తీసుకుంటుందట. నా ముసలి కీబోర్డుకు అంత శక్తి ఎక్కడిది? ఒక స్వరం నొక్కి వదిలేసినా అది ఆగకుండా కుయ్యిమంటూనే ఉంది. ఈసారి పొరపాటు చెయ్యకూడదని శపథం పట్టి, ఏది మంచిదో తేల్చుకోడానికి నెల రోజులు జనాల అభిప్రాయాలు చదివాను. ఒకడు భేష్ అన్నదాన్ని ఇంకొకడు చెత్త అంటాడు. చదివినకొద్దీ ఒళ్ళు మండింది తప్ప ఏదీ తేలలేదు.

చివరికి ఒకరోజు విసుగెత్తి, ఆర్డరు పెట్టేముందు రంధ్రం కొలత చూద్దామని స్వరాల పెట్టెను బల్ల మీంచి తీసి బోర్లా తిప్పాను. వెనకవైపు నల్ల టేపు. కోడూరు చర్చిలో ఉండగా నేనే అంటించాను. అక్కడి ఉప్పుగాలికి ఇనుమన్నది బతకదు. అందుకే వాడని రంధ్రం ప్రతిదానికీ టేపు వేసేవాళ్ళం. గోరుతో పీకాను. టేపు కింద రంధ్రం, దాని పైన ‘త్రూ’ అని అక్షరాలు. లోపలికొచ్చిన కబురును ఉన్నదున్నట్టు పక్క పెట్టెకు పంపించే రంధ్రం అది. ఇంట్లో పడున్న తీగనే అక్కణ్ణుంచి డోలక్ పెట్టెకు తగిలించాను. రెండూ కలిసి మోగాయి.

నన్ను నేను ఏమని తిట్టుకున్నానో ఇక్కడ రాయలేను. ఫోన్ చేస్తే అత్తయ్య కోడలు ఎత్తింది.

"పళ్ళు తీసేసి పది రోజులైందండీ. దవడంతా వాచిపోయి అన్నం కూడా తినలేకపోతుంటే ఇక ఆగలేక తీయించేశాం. మీకు చెప్పొద్దన్నారు. బాక్సు కోసం తిరుగుతున్నాడు, ఇంకా కంగారు పడతాడు అని."

ఇంకో మూడు వారాలకు అత్తయ్య బస్సు దిగి వచ్చింది. కట్టుడు పళ్ళు పెట్టాలంటే చిగుళ్ళు ఇంకా ఆరాలట, అన్నాళ్ళు ఆగనంది. "బాక్సు వచ్చిందా?" అని అడిగింది. అవసరం లేకపోయింది అత్తయ్యా, దారి మన పెట్టెలోనే ఉంది, నేనే మూసేసి మర్చిపోయాను అని చెప్పాను. "పోన్లే, దొరికింది కదా" అంది. ఒక్క మాట తిట్టినా బాగుండేది.

డోలక్, హార్మోనియం నేను కోరుకున్నట్టే నా వేళ్ళ కింద ఒక్కసారిగా పలికాయి. ఆవిడ ఆగినచోటల్లా ఆగాను. పాట మొత్తం రికార్డయింది. నాలుగు చరణాల్లోనూ మాటలు గాలి కలిసి జారిపోతున్నాయి. చర్చిలో అందరి ముందూ తలెత్తి పాడే మనిషి, నేనొక్కణ్ణే ఉన్న ఆ గదిలో పాటంతా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పాడింది.