పొద్దెక్కినాకే నడక

మా మామ ఎర్రగుంట్లలో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు నింపే పని చేసి రిటైరయ్యారు. కుక్కలను గడప తొక్కనిచ్చే మనిషి కాదు. మా ఆయన స్నేహితుడు బదిలీ మీద వెళ్తూ తన పగ్ జాతి కుక్కను మాకు వదిలినప్పుడు, "ఇదేం కుక్కమ్మా, ముక్కే లేదు" అని మొహం తిప్పుకున్నారు. నిజంగానే దాని మొహం చదునుగా, ఎవరో అరచేత్తో నొక్కినట్టు ఉండేది. నిద్రలోనూ గురకే, మెలకువలోనూ గురకే.

ఆ ఏడు చలి ముందే వచ్చింది. పొద్దున్నే మంచు, దాంట్లో కలిసిన ఫ్యాక్టరీ దుమ్ము మా వీధిలో కదలకుండా నిలిచేవి. కుక్కను తిప్పడం నా వంతు. ఒకరోజు ఇంకా మసకగా ఉండగానే బయలుదేరాం. వీధి మలుపు దాటకముందే అది కాళ్లు చాపి కూలబడింది. గొంతులో ఏదో అడ్డం పడ్డ చప్పుడు. నాలుక నీలంగా మారుతోంది. ఎత్తుకుని ఇంటికి పరుగెత్తాను.

మామ అరుగు మీద నుంచి లేచారు.

"పండబెట్టాకమ్మా. కూచున్నట్టు పట్టుకో. మెడపట్టీ తీసెయ్."

దాని రొమ్ము కింద చెయ్యి ఆనించి "నిమ్మళంగా, నిమ్మళంగా" అంటూ ఉంటే, కాసేపటికి దానికి ఊపిరి కుదుటపడింది.

ఆ రోజే అందరం కలిసి ప్రొద్దుటూరులో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. చీలికల్లాంటి దాని ముక్కు రంధ్రాలను ఆయన మాకు చూపించారు.

"వీటికి ముక్కులో జాగా తక్కువ. చల్లగాలి వేడెక్కకుండానే లోపలికి పోతాది. పొద్దెక్కినాకే తిప్పండి. మెడకు వద్దు, రొమ్ముకు కట్టే బెల్టు వేయండి. ఒంటికి వెచ్చగా ఏమన్నా తొడగండి. కొంచెం దూరమే. రొప్పితే నిలబడండి. పొగ, దుమ్ము ఉండే తావుకు పోవాకండి."

మామ నేల చూస్తూ, "నాకూ అంతే సారూ" అన్నారు.

డాక్టరు నవ్వలేదు. "ఎన్నాళ్ల నుంచి పెద్దాయనా?"

"శానా ఏండ్లాయ. పండుకుంటే దగ్గు, ఊపిరాడదు. గోడకు ఆనుకోని కూచోనే నిద్రపోతాండా."

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. రాత్రి ఆయన గది తలుపు ఎప్పుడూ మూసే ఉండేది.

"మాకెందుకు చెప్పలేదు నాయినా?" అన్నారు మా ఆయన.

"చెప్తే లోపల పడిన దుమ్ము కడిగిస్తావా?"

మామను కర్నూలు తీసుకుపోతే అక్కడి ఊపిరితిత్తుల డాక్టరు కూడా దాదాపు ఆ మాటే అన్నారు. పడిన దుమ్ము పోదట. పీల్చే మందు రాసి, ఎండ వచ్చాక మెల్లగా నడవమన్నారు.

ఇక కుక్క ఆయనదే అయింది. తన పాత స్వెటరు చెయ్యి కత్తిరించి, ముందుకాళ్లకు రంధ్రాలు చేసి తొడిగారు. గోడ మీద ఎండ పడ్డాక ఇద్దరూ బయలుదేరేవాళ్లు. ఒకరు ఆగితే రెండోవాళ్లూ ఆగేవాళ్లు.

"ఏమప్పా, నువ్వు దాన్ని తిప్పుతాండావా, అది నిన్ను తిప్పుతాందా?" అని పక్కింటాయన అడిగితే, "ఎవురికి ముందు ఆయాసమొస్తే వాళ్లను రెండోవాళ్లు ఇంటికి తోలుకొస్తారప్పా" అన్నారు.

ఒకరోజు నేనూ వెంట వెళ్లాను. పనిలో ఉండగా ముక్కుకు గుడ్డ కట్టుకునేవాళ్లమని చెప్పారు. "నోటి తడికి సిమెంటు పట్టి, సాయంత్రానికి ఆ గుడ్డ రాయి మాదిరి అయితాండె. విప్పితే మూతి ఆకారంలోనే నిలబడేది." అన్నేళ్లలో ఆయన ఫ్యాక్టరీ సంగతి నాతో మాట్లాడింది ఆ ఒక్కసారే.

రెండు చలికాలాలు అలా గడిచాయి. ఆయన పోయింది మాత్రం ఎండాకాలంలో, ఒక మధ్యాహ్నం, కుర్చీలో కూర్చునే.

మళ్లీ చలి మొదలైంది. ఇప్పుడు నేనే తిప్పుతున్నాను. దారి దానికి తెలుసు, నాకంటే ముందు నడుస్తుంది. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చే ఒకాయన బండి ఆపి రోజూ దాన్ని పలకరిస్తాడు. కనుబొమ్మల మీద తెల్లటి దుమ్ము ఉంటుంది. నిన్న మాట్లాడుతూ మాట్లాడుతూ దగ్గాడు. ఆ దగ్గు నాకు తెలుసు. కర్నూలు డాక్టరు ఉండే చోటు చెప్పాను.

"చూపించుకుంటాలేమ్మా" అని బండి స్టార్ట్ చేసుకుని పోయాడు.