చాటింపు ఎవరికి

తిరుపతిలో గంగమ్మ జాతరకు చాటింపు వేశారంటే, జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటి రాత్రి నిద్ర చెయ్యకూడదు. పగలు ఎక్కడ తిరిగినా చీకటి పడేసరికి ఇల్లు చేరాలి. మా నాయన నగరిలో సొంత చెల్లెలి గృహప్రవేశానికి పోయి, చెయ్యి కడుక్కుంటూనే బస్సు పట్టుకుని వచ్చేసిన మనిషి.

మొన్న వేసవిలో పదేళ్ళ నా కూతుర్ని తీసుకుని కెనడా నుంచి వచ్చి మేనమామ ఇంట్లో దిగాను. చాటింపు డప్పులు మా వీధిలో మోగినప్పుడు పిల్ల మేడ మీద నుంచి కళ్ళార్పకుండా చూసింది. ఆ కట్టుబాటేమిటో అడిగి చెప్పించుకుంది. మర్నాడు నగరిలో మా అత్తను చూడటానికి బయల్దేరుతూ, సాయంత్రానికి వచ్చేస్తామని చెప్పాను. మామ నవ్వాడు.

"ఆడే పండుకోని రేపు రాండి. మీకేం పట్టింపు అమ్మణ్ణీ, కెనడా వాళ్ళు గదా."

మంచికే అన్నాడు. అయినా నాకు ఒళ్ళు మండింది. పాస్‌పోర్టు మారితే పుట్టిన వీధి కూడా మారిపోతుందా అని అడిగేశాను.

"నువ్వు ఈ ఊరి బిడ్డవే, కాదనలా. పాప సంగతి చెప్తా ఉండా. అది ఈడ పుట్టలా గదా."

పుట్టిన చోట దానికి జరిగిన మర్యాద ఆయనకేం తెలుసు? నేను కెనడా పౌరురాలినైన రోజు, ఎక్కడెక్కడి వాళ్ళమో ఒకే హాల్లో చెయ్యెత్తి ప్రమాణం చేశాం. ఎవరి భాష, ఎవరి పండుగ వాళ్ళు ఉంచుకుని ఒక దేశంగా బతకడమే కెనడా గొప్ప అన్నారు అక్కడి అధికారులు. నమ్మాను. మంచులో కూరుకుపోయిన మా కారును అడక్కుండానే పార తెచ్చి బయటికి తీసిన పొరుగాయనను చూసి ఇంకా నమ్మాను. కానీ పిల్ల బళ్ళో ఏటా సంస్కృతుల పండుగ చేస్తారు. ఎవరి దేశం బట్టలు వాళ్ళు వేసుకు రావాలి. నా కూతురు కెనడా జెండా మీది ఎర్రటి మేపుల్ ఆకున్న హాకీ జెర్సీ వేసుకుని పోయింది. టీచరు నవ్వుతూనే, ఇది కాదు, మీ దేశానివి వేసుకురా అని చెప్పి పంపింది. పక్కనే ఒక తెల్లపిల్లాడు అదే జెర్సీలో ఉన్నాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు.

ఎంత చక్కటి న్యాయం! అక్కడ పుట్టిన పిల్ల అక్కడి చొక్కా తొడుక్కుంటే తప్పు, ఇక్కడి లంగా కట్టుకుంటే ముచ్చట. అన్ని సంస్కృతులకూ చోటున్న దేశంలో నా బిడ్డకు కెనడా ఒక్కటే కరువైంది. అక్కడ వాళ్ళు ఇవ్వనిదాన్ని ఇక్కడ మావాళ్ళు అంటగడతారు. అది పిల్లా, వీళ్ళు అటూ వాళ్ళు ఇటూ తన్నుకోవడానికి బంతా?

నగరిలో మా అత్త మరమగ్గాల చప్పుడు మధ్యనే మాకు కడుపునిండా పెట్టింది. పొద్దువాలేసరికి ఉండిపొమ్మని పట్టుబట్టింది. మాకు పట్టింపు లేదని మామ ఫోన్ చేసి మరీ చెప్పాడట. నేను నోరు తెరిచేలోగానే పిల్ల చెప్పులేసుకుని వాకిట్లో నిలబడింది.

"ఉండేదానికి లేదవ్వా," అంది, నా దగ్గర నేర్చుకున్న తెలుగులో. "చాటింపు నేనూ ఇన్నాను."