ఒప్పుకుంటే సాయంత్రానికి ఇంటికి

లా కాలేజీలో నేరశాస్త్రం మొదటి క్లాసు. ఒకసారి తప్పు చేసినవాడు మళ్లీ చేస్తాడు, పోలీసు రికార్డులు తిరగేస్తే అవే పేర్లు కనిపిస్తాయి అన్నారు లెక్చరరుగారు. పక్కవాళ్లు బుద్ధిగా రాసుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రికార్డుల్లో మా నాన్న ఉన్నాడు.

మా నాన్న ముక్తేశ్వరం చుట్టుపక్కల తోటల్లో చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేవాడు. నా చిన్నప్పుడు, డెబ్బైల్లో, ఒక ఆసామి తోటలో రాశి పోసిన కాయలు రాత్రికి రాత్రి మాయమయ్యాయి. దొంగ దొరకలేదు. కేసు తేలక స్టేషన్లో హెడ్డుగారు చిరాకు పడుతున్నారట. ఆసామి నాన్నని పిలిపించాడు.

"నువ్వు తియ్యలేదని నాకు తెలీదేంట్రా? కోర్టులో ఒప్పేసుకో, సాయంత్రానికి ఇంటికొచ్చేస్తావు. హెడ్డుగారికి మాటిచ్చేసేను."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు నాన్న. ఆసామి మాట కాదనడం మా పేటలో ఎవరికీ అలవాటు లేదు.

అమలాపురం కోర్టులో క్షణాల్లో తేలిపోయింది. కోర్టు లేచేదాకా అక్కడే కూర్చోవడం శిక్ష. నాన్న ఉతికిన చొక్కాతో నవ్వుతూ తిరిగొచ్చాడు. మాకు జీళ్లు కూడా తెచ్చాడు. "జడ్జీగారు చాలా మంచోరండీ, ఒక్క మాటా అన్లేదు," అని వీధంతా చెప్పుకున్నాడు.

ఆ తర్వాత ఏ తోటలో కాయ పోయినా కానిస్టేబుల్ సైకిలు మా గుమ్మం ముందే ఆగేది. నాన్న కంచం ముందునుంచి లేచి వెళ్లేవాడు. ఒక్కోసారి కుంటుకుంటూ వచ్చేవాడు. మెల్లగా తోటలవాళ్లు దింపులకి పిలవడం మానేశారు. ఆఖరికి ఆ ఆసామీ మానేశాడు. నాన్న వెళ్లి అడిగితే, "ఏం చేస్తాంరా, నీ మీద కేసుందిగా?" అన్నాడట. ఆ మనిషికి ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో!

నేను లా కాలేజీలో చేరిన ఏడు సెలవులకి ఇంటికెళ్తే నాన్న నా లా పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆ కాయలు నేను తియ్యలేదని ఇప్పుడెళ్లి చెప్తే వింటారామ్మా?"

ఆ పాఠం అప్పటికే చదివాను. కోర్టులో తనంతట తాను నేరం ఒప్పుకున్నవాడు తర్వాత కాదంటే వినే దిక్కు లేదు. ఆ ముక్క నాన్నతో ఎలా అనను?

"కనుక్కుంటాను నాన్నా," అన్నాను.

"తొందరేం లేదులే. తోటలోళ్లు పిలిస్తే చాలు."

మర్నాడు నేను నిద్ర లేచేసరికి నాన్న పెరట్లో కూర్చుని, తుప్పు పట్టిన దింపు కత్తి నూరుకుంటున్నాడు.