సొరబుర్రలో ఇన్సులిన్

ఆ ఎండాకాలం సుక్మా నుంచి జగదల్‌పూర్ వెళ్తున్న బస్సులో, పక్కసీటు పెద్దావిడకి షుగరుందని మాటల్లో తెలిసి పరిశోధన కోసం నేను తయారుచేసుకున్న ఫారం తీశాను. నేను నర్సుని. దీర్ఘరోగులు తమను తాము ఎలా చూసుకుంటారన్నది నా అంశం.

"ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెడతారా అమ్మా?"

"మాకు ఫ్రిజ్ యాడిది బిడ్డా?"

"లేదు" అన్న గడిలో టిక్కు పెట్టాను.

తోంగ్‌పాల్‌లో బస్సు ఆగగానే ఆవిడ ఒళ్ళోని ఎండు సొరబుర్రతో దిగింది. డ్రైవరు హారన్ కొడుతున్నా, బోరింగు దగ్గర బుర్రకి చుట్టిన గుడ్డ తడిపి గానీ ఎక్కలేదు. నాకు ఒళ్ళు మండింది.

"ఏందమ్మా అది?"

"సూదిమందు. గుడ్డ ఆరితే ఖరాబైతది," అంటూ బుర్రను నా చేతిలో పెట్టింది. చల్లగా ఉంది.

నేను టిక్కు పెట్టిన గడి పక్కన "రోగికి శ్రద్ధ లేదు" అని అచ్చై ఉంది. ఆ మాట రాసింది నేనే.