ఎడమ అరచేయి

ఆమె వేంపల్లెకు వస్తున్నానని ఫోన్ చేస్తే సన్మానం కోసమే అనుకున్నాను. దేశం తరఫున పరుగెత్తే అమ్మాయి ఊరికొస్తే శాలువా, పూలదండ, నాలుగు మాటలు. మాకు తెలిసిన మర్యాద అంతే. హైస్కూల్లో ఆమెకు డ్రిల్లు మాస్టారిని నేనే. వేదిక మీద నాకూ ఒక కుర్చీ వేస్తారనే ఆశ లోపల కదిలిందని ఒప్పుకోవాలి.

"సన్మానాలు ఏం వద్దు సార్. పొద్దున్నే గ్రౌండుకు రాండి. నాకు కట్టె అందించాల," అంది.

కట్టె అంటే రిలే పరుగులో చేతులు మారే బ్యాటన్. మా బడిలో వెదురు ముక్కతో నేర్పాను. అంతర్జాతీయ పోటీల్లో పరుగెత్తినా ఆమె నోట అదింకా కట్టే.

గ్రౌండులో బూట్ల తాళ్లు బిగించుకుంటూ సంగతి చెప్పింది.

"ఇన్నేండ్లూ నలుగురిలో నేను మూడో జాగాలో ఉరికినా సార్. ఆడ కుడిచేత్తో తీసుకుంటాం. ఇప్పుడు ఆ జాగాకు నాకంటే చిన్నపిల్ల, జోరుగా ఉరికేది వచ్చింది. నాకు రెండో జాగా ఒగటే మిగిలిండాది. ఆడ ఎడమ చేత్తో తీసుకోవాల. చెయ్యి వెనక్కి పోతాది గానీ, కట్టె తగిలే టయానికి ముడుసుకుంటాది. ఈసారి క్యాంపులో గూడా ఇట్లే అయితే నన్ను టీములోంచి తీసేస్తారు."

"మీ కోచ్ ఏమంటాడు?"

"అలవాటు మార్చుకో అంటాడు. అది యాడ మొదలైందో ఆయనకు తెలీదు గదా."

ఆ మాటలో కోపం ఉందేమోనని ఆమె ముఖం చూశాను. తాళ్లు కట్టుకుంటోంది, అంతే.

యాడ మొదలైందో నాకు తెలుసు. ఆ పిల్లది పుట్టుకతో ఎడమచేతి వాటం. రిలే నేర్పిన మొదటి రోజు ఎడమ చెయ్యి చాపితే ఆ వెదురు ముక్కతోనే వేళ్ల మీద కొట్టాను. "ఎవురన్నా ఏమన్నా ఇస్తే రొడ్డచెయ్యి చాపుతారా?" అని అరిచాను. మా ఇళ్లలో మజ్జిగ గ్లాసు ఎడమ చేత్తో ఇస్తే కూడా వెనక్కి పంపుతారు. పరుగులో ఏ చెయ్యి ఎందుకో నేను చదవలేదు, ఎవరినీ అడగలేదు. నలుగురు పిల్లలకూ కుడిచెయ్యే నేర్పాను. కడపలో బడుల పోటీలు గెలిచాం. గెలిచాం కాబట్టి నా పద్ధతే సరైనదనుకున్నాను. పైగా ఆమెకు పేరొచ్చాక టీ అంగడి దగ్గర ఎన్నోసార్లు గొప్పగా చెప్పుకున్నాను, కొట్టి దారికి తెచ్చిన పిల్ల అని.

"మీరు వెనకనుంచి ఉరికి రాండి. దగ్గరికి రాంగానే అప్పట్లాగ గట్టిగా 'చెయ్యి' అనండి. ఎవురు పిలిచినా నాకు మీ గొంతే యినపడతాది. అది యిన్నా నా చెయ్యి నిలబడితే ఇంగ యాడైనా నిలబడతాది," అంది.

రిలేలో ముందున్న మనిషి తిరిగి చూడదు. వెనకనుంచి కేక వినగానే చెయ్యి చాపుతుంది. పరుగెత్తాను. మోకాలు కలుక్కుమంది. 'చెయ్యి' అని మెల్లగా అన్నాను. నాపరాళ్ల అరుగు మీద కూర్చున్న, పొద్దుటి నడకకు వచ్చినవాళ్లలో ఒకాయన నవ్వాడు.

"ఏమప్పా మాస్టరూ, కట్టె ఇస్తాండావా, హారతి ఇస్తాండావా?"

ఆమె కూడా నవ్వింది. "గట్టిగా సార్! అప్పుడు బజారు దాకా యినపడేది."

మళ్లీ పరుగెత్తి గట్టిగా అరిచాను. ఆమె చెయ్యి వెనక్కి వచ్చింది, అరచేయి విప్పారింది. అంతలోనే వేళ్లు దెబ్బ తగిలినట్టు ముడుచుకున్నాయి. కట్టె దుమ్ములో పడింది.

"సూసినారా?" అంది, డాక్టరుకు నొప్పి ఉన్నచోటు చూపించినట్టు.

"తప్పయిపాయ తల్లీ," అన్నాను.

"ఇప్పుడది వద్దు సార్. ఉరకండి."

నా మాట ఆమె తీసుకుందో లేదో తెలియక మళ్లీ పరుగెత్తాను. కట్టె మళ్లీ పడింది. అప్పుడు ఇంకొకటి గమనించాను. ఆమె ఎడమ అరచేతి దగ్గరకు వచ్చేసరికి నా చెయ్యీ వెనక్కి లాగుతోంది. పడింది ఆమె వల్లనా, నా వల్లనా? తేల్చుకోలేక ఆమెతోనే చెప్పాను.

"తెలుసు సార్. మీ గొంతొకటే గాదు, మీ చెయ్యి గూడా కావాలనే పిలిచినా."

ఎందుకో అడిగే ధైర్యం రాలేదు. నాకు శిక్ష వేస్తోందో, నన్నే నమ్ముకుందో అర్థం కాలేదు. ఎండెక్కి నాపరాళ్లు కాలేదాకా పరుగెత్తాం. కట్టె కొన్నిసార్లు పడింది, కొన్నిసార్లు నిలిచింది. చివర్లో నిలిచినవే ఎక్కువ అనిపించింది. అదీ నా ఆశేమో. సాయంత్రం ఆమె కడపలో రైలెక్కింది.

క్యాంపు తర్వాత టీములో ఆమె పేరుంది. పోటీ రోజు టీవీ ముందు కూర్చున్నాను. రెండో జాగాలో ఆమె వంగి నిలబడింది. మొదటి అమ్మాయి దూసుకొస్తుంటే నా నోటి నుంచి "చెయ్యి!" అని కేక వచ్చేసింది. వంటింట్లోంచి నా భార్య అడిగింది.

"ఇంట్లో ఎవుర్ని కొడ్తాండావు?"

టీవీలో ఆమె ఎడమ చెయ్యి వెనక్కి వచ్చింది, నిలబడింది. కట్టె అందుకుని ఆమె వెళ్లిపోయింది. పతకం రాలేదు. నేను చూసింది ఆ చేతినే.

మర్నాడు ఫోన్ చేసింది.

"సార్, ఈతూరి మీ గొంతు యినపల్యా."

"సంతోషం తల్లీ," అన్నాను. ఎవరో పిలిచారని ఆమె పెట్టేసింది.

"ఏమంట?" అని అడిగింది నా భార్య.

"నా గొంతు యినపల్యా అంట."

"మంచిదే గదా?"

"ఏమో," అన్నాను.