కోత మచ్చ మీద రెండు వేళ్లు

తల్లి కడుపు చీకట్లో ఎముకకు ఎముక అమర్చే దేవునికి స్తోత్రం. ఆ కడుపు కోసిన డాక్టరమ్మ చెయ్యి వణకకుండా పట్టుకున్న దేవునికి స్తోత్రం. మొదటి మాట నాకు చిన్నప్పటి నుంచి నోటికి వచ్చు. రెండో మాట నేర్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఇష్టంతో నేర్చుకున్నది కూడా కాదు.

బోధన్‌లో మా సంఘంలో బుధవారం స్త్రీల కూడిక నేనే నడుపుతాను. ఆదివారం బడిలో ముప్పై ఏళ్లుగా పిల్లలకు వాక్యం నేర్పుతున్నాను. కోడలికి తొమ్మిదో నెల రాగానే మూడు రోజులు ఉపవాసం ఉన్నాను. కోత లేకుండా కాన్పు అవుతుందని దేవుడు నాకు మాట ఇచ్చాడని కూడికలో లేచి సాక్ష్యం చెప్పాను. అక్కలందరూ ఆమెన్ అన్నారు. నిజామాబాద్ ఆసుపత్రిలో ఒక పగలు, ఒక రాత్రి నొప్పులు పడ్డాక, బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని ఆపరేషన్ చేశారు. పాప పుట్టింది. ఇద్దరూ బతికారు. నేను వరండాలో కూర్చుని, స్తుతించాల్సింది పోయి, అక్కలకు ఏం చెప్పాలా అని ఆలోచించాను.

చివరికి చెప్పింది ఇది: విశ్వాసంలో బలహీనంగా ఉన్న మా కోడలి కోసం ప్రార్థించండి. ప్రార్థన విన్నపంగా చెప్పాను కాబట్టి అది చాడీ అని ఎవరికీ అనిపించలేదు, నాకూ అనిపించలేదు. మాట తప్పింది దేవుడు కాదు, నేను కాదు. ఇక మిగిలింది ఆమే కదా.

బాలింతను చూడడానికి వచ్చిన ఒక అక్క, ఉడకబెట్టిన గుడ్లతో పాటు ఆ మాటను కూడా తెచ్చి కోడలి మంచం మీద పెట్టి వెళ్లింది. అప్పటి నుంచి ఆమె నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. నేనూ పలకరించలేదు. ఆమె అలిగింది కాబట్టి నేను అన్నది నిజమే అనుకున్నాను.

ఏడో వారం ఆసుపత్రిలో చూపించుకుంటే, కుట్టు మానింది గానీ లోపల అతుక్కుపోయిందన్నారు. తుమ్మినా, పాపను ఎత్తుకోవడానికి వంగినా అక్కడ గుంజేది. రోజూ పది నిమిషాలు రుద్దాలని నర్సమ్మ చూపించింది. రెండు వేళ్లకు కొబ్బరినూనె రాసుకుని ముందు మచ్చకు పైన, కింద. తర్వాత మచ్చ మీదనే నిలువుగా, అడ్డంగా, చిన్న చిన్న సున్నాలుగా. ఆఖరున చర్మాన్ని మెల్లగా ఎత్తి వదలాలి. ఎర్రబడినా, చెమ్మ కనిపించినా ఆపెయ్యాలి. ఎవరి మచ్చ వాళ్లు రుద్దుకుంటేనే మంచిదట.

ఆమెకు అది చేతకాలేదు. చెయ్యి అక్కడికి పోగానే వాంతి వచ్చేది. తల్లి లేని పిల్ల. వేల్పూర్‌లో ఆమె సొంత అక్క ఉంది గానీ అవి పసుపు ఉడకబెట్టే రోజులు, ఇల్లు వదిలి రాలేదు. నా కొడుకు రెండు రోజులు రుద్ది, భయంతో పాప తల నిమిరినట్టు నిమిరి వదిలేశాడు. మూడో రోజు పొద్దున వాడు డ్యూటీకి పోయాక కోడలే నన్ను పిలిచింది.

"నీ చేతులంటే నాకిష్టం లేదత్తమ్మా. గని నా చేతులు అటు పోతలేవు. ఒక్కటే మాట. ప్రార్థన చెయ్యకు, పని చెయ్యి."

జీవితంలో నాకు ప్రార్థన చెయ్యకు అని చెప్పిన మొదటి మనిషి ఆమె. వెళ్లి పక్కన కూర్చున్నాను. పొత్తికడుపు కింద జానెడు మచ్చ, వంకాయ రంగులో, ఒక చివర ఉబ్బుగా. చుట్టూ చర్మానికి స్పర్శ లేదని, కొసలు మాత్రం చీమలు పాకినట్టు ఉంటాయని చెప్పింది. నా చేతులు చెరకు ఆకు కోసుకుని, కోసుకుని మొద్దుబారినవి. అవి ఆకురాయి లెక్క ఉన్నాయంది. మర్నాటి నుంచి ముందు నా వేళ్లకే నూనె పట్టించి, మెత్తబడ్డాక కూర్చునేదాన్ని.

ఆమె గోడ వైపు తిరిగి పడుకునేది. బయట చెరకు ట్రాక్టర్లు పోతుంటే కిటికీ అదిరేది. నోరు కట్టేసుకున్నాను గానీ లోపల ప్రార్థన ఆపలేదు. నాలుగో రోజు నా చెయ్యి పట్టుకుంది. "పాట పాడుతున్నవ్ గదా. తాళమేస్తున్నయ్ నీ వేళ్లు." నిజమే. మనసులో కీర్తన నడుస్తోంది. ఆ పూటకు చాలంది.

చెప్పడానికి సిగ్గుపడేది ఇంకొకటి ఉంది. పాపను సంఘంలో దేవునికి ప్రతిష్ఠించే ఆదివారం ఎప్పుడు పెట్టుకుందామని ఒక పొద్దున రుద్దుతూనే అడిగాను. మా ఇంట్లో మొదటి మనవరాలు. పాస్టర్ అయ్యగారు బలిపీఠం ముందు ఎత్తి పట్టుకుంటే చూడాలని నేను ఎన్నాళ్ల నుంచో ఎదురుచూస్తున్నాను. పెట్టుకోనంది. నా వేళ్లు ఆగలేదు. ఉబ్బుగా ఉన్న కొస మీద నొక్కాను. వైద్యానికి కాదు, కోపానికి నొక్కాను. ఆమె అరవలేదు. నా మణికట్టు పట్టుకుని, ముఖం ఇటు తిప్పి చూసింది.

"కోతతోని నొప్పి తప్పించుకున్న అనుకుంటున్నవ్ గదా. ఇప్పుడు నువ్వు ఇస్తున్నవ్."

కాసేపటికి షరతు చెప్పింది. "సంఘం ముందట అన్నవ్. సంఘం ముందటనే వాపస్ తీసుకో. అప్పటిదాక నా బిడ్డ ఆ గడప తొక్కది."

చనిపోయి తిరిగి లేచిన ప్రభువు తన గాయాల్లో వేలు పెట్టి చూడమని అనుమానించిన శిష్యుడితో అన్న పాఠం పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. ఆ రోజు వంటింట్లో చెయ్యి కడుక్కుంటూ నాకు తట్టింది ఒకటే: అక్కడ ఆయన రమ్మన్నాడు కాబట్టి వేలు పెట్టొచ్చు. నేను ఆమె గాయాన్ని ఎవరూ అడగకుండానే ఊరంతటికీ చూపించాను.

మూడు ఆదివారాలు సాక్ష్యానికి లేవలేదు. కోడలి గర్వాన్ని అణచమని దేవుణ్ణి అడిగాను. రోజూ పొద్దున మాత్రం వెళ్లి రుద్దాను. ఆమె గోడ వైపే తిరిగి పడుకుంది. మచ్చ మెత్తబడుతూ వచ్చింది. చర్మం వేళ్ల మధ్యకు ఎత్తడానికి వచ్చేసరికి, ఇక పని అయిపోతుందని, అయిపోతే ఆ గదిలోకి పోవడానికి నాకు దారి ఉండదని భయం పట్టుకుంది.

నాలుగో ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాను. కాన్పు గురించి దేవుడు నాకు మాట ఇవ్వలేదని, నా కోరికకే ఆయన పేరు పెట్టానని, నా కోడలి మీద అబద్ధ సాక్ష్యం చెప్పానని అన్నాను. అయ్యగారు దేవునికే మహిమ అంటూ కూర్చోబెట్టబోయారు. నేను కూర్చోలేదు. సంఘం నన్ను క్షమించాలని అడిగాను. ముందు వరుసలో గుడ్ల అక్క కొంగు సర్దుకుంది. ఎవరూ ఆమెన్ అనలేదు.

కొడుకు చొక్కా జేబులో ఫోను ఇంట్లో ఉన్న కోడలికి కలిపే ఉందని ఇంటికొచ్చాక తెలిసింది. ప్రతి ఆదివారం అలా కలిపి ఉంచమని ఆమే చెప్పిందట. నేనే వచ్చి చెబితే నమ్మదు కాబట్టి మొత్తం విన్నది. తలుపు దగ్గర చెప్పులు విప్పుతుంటే అంది:

"మంచిగనే చెప్పినవ్. సంఘాన్ని మాఫ్ చెయ్యమని అడిగినవ్. నన్ను అడగలే."

నేను నోరు తెరిచాను. అరవై మంది ముందు వచ్చిన మాట ఒక్క మనిషి ముందు రాలేదు. ఆమె నూనె సీసా తీసుకుని గదిలోకి వెళ్లిపోయింది. ఇక తానే రుద్దుకుంటానని కొడుకుతో చెప్పి పంపింది. ఇప్పుడు ఆమె చెయ్యి అక్కడికి పోతోంది. అది నా ప్రార్థన వల్ల కాదు.

పాప ప్రతిష్ఠ ఇంకా కాలేదు. పొద్దున ఆ వేళకు నా రెండు వేళ్లూ ఊరికే ఉంటాయి. తలుపు అవతల నూనె సీసా మూత తిరిగిన చప్పుడు వింటూ ఇవతల కూర్చుంటాను. నాలుగు అడుగుల దూరం.

చదువుతున్న అక్కలారా, కాసేపు నాతో పాటు మోకాళ్ల మీదికి రండి. ఆమె కోపం చల్లారాలని అడగకండి. అది నేను చాలాసార్లు అడిగి చూశాను, అది అడగవలసిన ప్రార్థన కాదు. నేను ఆ తలుపు తట్టాలని, తట్టాక నా నోరు మూతపడకూడదని అడగండి. ఆమెన్ మాత్రం అప్పుడే అనకండి.